పాత కారు నేల: మోత, ఎండ, తడి

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. బొగ్గు లారీలు, గ్రానైట్ లారీలు, యాత్రికుల బండ్లు, చింతూరు దాటి కుంట వైపు పోయే సరుకు వాహనాలు అన్నీ ఈ దారినే పంచుకుంటాయి. పదిహేనేళ్లు దాటిన కారులో ఈ దూరం వెళ్లి దిగితే ఇంజన్ ఆగినా చెవుల్లో హోరు వెంటనే ఆగదు. కాళ్ల కింద కార్పెట్ అరిగి, అంచులు లేచి, ఎప్పటి తడో తెలియని వాసన వేస్తుంటుంది. రెండింటికీ ఒకేసారి మందు వేద్దామనుకున్న యజమానికి నాలుగు చోట్ల నాలుగు సలహాలు దొరుకుతాయి. కుషన్ పనివారు మందపాటి ఫెల్ట్ వేసి కొత్త కార్పెట్ పరిస్తే చాలంటారు. యాక్సెసరీల షాపువారు రేకంతా డ్యాంపింగ్ షీట్లు అంటించాలంటారు. కొలిచి చూసేవారు పావు వంతు అంటిస్తే సరిపోతుందంటారు. మెకానిక్ మాత్రం ముందు ఇంజన్ మౌంటింగులు, టైర్లు చూడమంటాడు.

ఏ ఒక్కరి మాటా పూర్తిగా తప్పు కాదు. ఒక్కొక్కరు ఒక్కో రకం చప్పుడు గురించి మాట్లాడుతున్నారు. దానికి తోడు, చలిదేశాల అలవాట్లను ఎండా వానా రెండూ తీవ్రంగా ఉండే గోదావరి తీరానికి ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టడంతో చిక్కు మరింత పెరిగింది. ఈ వాదాల చరిత్రను, బలాబలాలను, ఇంకా తేలని సంగతులను ఒకచోట చేర్చి చూడాల్సిన అవసరం అందుకే వచ్చింది.

మందపాటి రేకు నుంచి పల్చటి రేకుకు

మన రోడ్ల మీద చాలాకాలం రెండు కార్లదే రాజ్యం. ఒకటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన అంబాసిడర్. రెండోది ఫియట్ 1100కి వారసురాలైన ప్రీమియర్ పద్మిని. రెండింటి రేకూ మందమే. బరువైన రేకు తేలిగ్గా వణకదు. వాటిలో వినిపించిన మోతలో పెద్ద భాగం గేర్ల నుంచి, సైలెన్సర్ నుంచి, సరిగా మూసుకోని తలుపుల సందుల నుంచి వచ్చేది. ఆ కాలపు వైద్యం కూడా అందుకు తగ్గట్టే ఉండేది. ఫెల్టో గోనెపట్టో పరిచి, పైన రబ్బరు మ్యాట్ వేసేవారు. తడిస్తే తీసి ఎండలో వేసేవారు.

1983 డిసెంబర్‌లో మారుతి 800 రావడంతో లెక్క మారింది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్, దాదాపు 650 కిలోల బండి. రేకు పల్చబడింది, మైలేజీ పెరిగింది. కానీ పల్చటి రేకు తప్పెటలా మోగుతుంది. మరుసటి ఏడాది వచ్చిన ఓమ్నీ వ్యానులో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉండటంతో మోతకు వేడి కూడా తోడైంది. ఏజెన్సీ గ్రామాలకు జనాన్ని చేరవేసిన డీజిల్ జీపుల సంగతి చెప్పనక్కరలేదు. 2000లో వచ్చిన బొలేరో, క్వాలిస్ ఆ జీపుల కంటే కొంత నయమైనా, నేటి కార్లతో పోలిస్తే వాటి మోత ఎక్కువే.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. బాగా చూసుకున్న పాత బండిని వదులుకోలేని కుటుంబాలు సరిగ్గా ఆ సమయానికే టింకరింగ్, పెయింటు, సీట్ల పని పెట్టుకుంటాయి. నేల కార్పెట్ ప్రశ్న అప్పుడే ముందుకొస్తుంది.

మోత ఒకటి కాదు, మూడు

వాదాల్లోకి వెళ్లే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కారులోకి చప్పుడు మూడు దారుల్లో వస్తుంది. ఇంజన్, టైర్ల కదలికకు రేకే వణికి మోగడం మొదటిది. బయటి చప్పుడు రేకును దాటి లోపలికి రావడం రెండోది. వచ్చిన చప్పుడు లోపలి గట్టి తలాల మీద పడి మళ్లీ మళ్లీ తిరగడం మూడోది. మొదటిదానికి వణుకును అణిచే జిగురు పొర కావాలి. రెండోదానికి బరువైన అడ్డు కావాలి. మూడోదానికి ఫెల్ట్, ఫోమ్, కార్పెట్ వంటి పీల్చుకునే పొర కావాలి. ఒకదాని పని మరొకటి చేయలేదు.

ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే మూడు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు 75 సార్లు ఇంధనం మండుతుంది. నాలుగు సిలిండర్లయితే 100 సార్లు. 100 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. అంత పెద్ద అలను సెంటీమీటరు మందం ఫెల్ట్ ఏమీ చేయలేదు. అదే ఫెల్ట్ గాలి ఈలనూ, టైర్ల రొదలోని సన్నటి భాగాన్నీ చక్కగా పీల్చుకుంటుంది. కొత్త కార్పెట్ వేశాక గరగర తగ్గి, గుయ్యిమనే హోరు మాత్రం అలాగే మిగలడానికి కారణం ఇదే.

వణుకును అణిచే పొరల శాస్త్రం కొత్తది కాదు. రేకు మీద ఒక జిగురు పొర పూస్తే వణుకు ఎంత తగ్గుతుందో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబెర్స్ట్ 1952లో లెక్కగట్టి చూపించాడు. ఆ జిగురు పొర మీద మరో పల్చటి గట్టి పొర వేసి బిగిస్తే ఫలితం ఎంతో పెరుగుతుందని అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ కెర్విన్ 1959లో నిరూపించాడు. నేడు షాపుల్లో దొరికే, ఒక పక్క అల్యూమినియం రేకు, రెండో పక్క బ్యూటైల్ రబ్బరు ఉన్న షీట్లు ఈ రెండో సూత్రం మీదే పనిచేస్తాయి.

డెసిబెల్ లెక్కను కూడా గుర్తుంచుకోవాలి. 10 డెసిబెల్స్ తగ్గితే మోత సగమైనట్టు చెవికి అనిపిస్తుంది. 3 తగ్గితే అతి కష్టం మీద తెలుస్తుంది. అడ్డుగోడ బరువు రెట్టింపు చేస్తే దక్కేది 6 డెసిబెల్స్‌కు మించదు. ఏ షీటుతోనూ పాత కారు మూగబోదు.

మొదటి వాదం: మంచి కార్పెట్ చాలు

కుషన్ పనివారి సంప్రదాయం ఇది. పాత కార్పెట్ తీసేసి, పది మిల్లీమీటర్ల ఫెల్ట్ లేదా ఫోమ్ మీద కొత్త కార్పెట్ కత్తిరించి కుడతారు. పాత మోడళ్లకు అచ్చులో పోసిన కార్పెట్ దొరకడం కష్టం కాబట్టి, గేర్ రాడ్ దగ్గరి గూనుకు, కాళ్ల దగ్గరి వంపులకు ముక్కలుగా కత్తిరించి అంచులకు రెక్సిన్ పట్టీ కుట్టడం వీరి నేర్పు. ఖర్చు తక్కువ. ఒకటి రెండు రోజుల పని. కాళ్లకు ఇంజన్ వేడి తగలదు. లోపలికి కొత్తదనం వస్తుంది.

బలహీనత పైన చెప్పిన లెక్కలోనే ఉంది. రేకు వణుకు ఆగదు. ఇంకో లోపం ఈ మధ్య బాగా కనిపిస్తోంది. పాత కార్పెట్ తీయకుండానే దాని మీద ఫోమ్ అంటించిన రెక్సిన్ నేలను బిగించేస్తున్నారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, తుడవడం తేలిక. కానీ కింద చేరిన తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

రెండో వాదం: రేకు కనిపించకూడదు

డైనమాట్ వంటి అమెరికన్ షీట్ల పేరుతో, కారు ఆడియో షాపుల ద్వారా ప్రచారమైన పద్ధతి ఇది. నేల, తలుపులు, పైకప్పు, డిక్కీ అంతా బ్యూటైల్ షీటుతో కప్పి, దాని మీద ఫోమ్, ఆపైన బరువైన వినైల్ పొర, చివరికి కార్పెట్. ఖరీదైన కార్లు ఇందుకే నిశ్శబ్దంగా ఉంటాయన్నది వీరి వాదం. అందులో నిజముంది. 2020లో వచ్చిన రోల్స్ రాయిస్ ఘోస్ట్‌లో 100 కిలోలకు పైగా ధ్వని నిరోధక సామగ్రి వాడారు. లోపల మరీ నిశ్శబ్దమై ఇబ్బందిగా ఉందని, సన్నటి మంద్రధ్వని ఒకటి మిగిలేలా సరిచేశామని తయారీదారులే చెప్పారు.

అయితే అది రెండున్నర టన్నుల బండి. రెండు మిల్లీమీటర్ల బ్యూటైల్ షీటు చదరపు మీటరుకు మూడు నాలుగు కిలోలు తూగుతుంది. చిన్న కారులో పది చదరపు మీటర్లు అంటిస్తే 30 నుంచి 40 కిలోలు. నేలకు వేసే వినైల్ పొర చదరపు మీటరుకు దాదాపు 5 కిలోలు. అన్నీ కలిపితే మారుతి 800 మీద శాశ్వతంగా ఒక మనిషిని అదనంగా ఎక్కించినట్టే. ఇంజన్ బలం, స్ప్రింగులు ఆ బరువుకు తగినవి కావు. అంతకంటే ముఖ్యం, ఒకసారి అంటిన షీటు కింద రేకు ఏమవుతుందో మళ్లీ చూసే వీలుండదు.

మూడో వాదం: తక్కువ, కానీ తగిన చోట

రేకు నడుమ చదునుగా, ఆధారం లేకుండా ఉన్న చోటే ఎక్కువ వణుకుతుంది. అంచుల దగ్గర, గాడులు నొక్కిన చోట రేకు ముందే బిగుతుగా ఉంటుంది. కాబట్టి చదును భాగాల నడుమ పావు వంతు విస్తీర్ణం కప్పితే వణుకు తగ్గించే ఫలితంలో అధిక భాగం వచ్చేస్తుందని ఈ వర్గం వాదిస్తుంది. పరీక్ష కూడా తేలిక. వేలితో తట్టాలి. ‘టంగ్’మని మోగిన చోట ముక్క అంటించాలి. ‘డబ్’మన్న చోట అక్కర్లేదు. తలుపు బయటి రేకు, పైకప్పు నడిమి భాగం, వెనక చక్రాల గూళ్లు, సీట్ల కింది చదును నేల ముందు వరసలో వస్తాయి.

బరువు, ఖర్చు తగ్గుతాయి, రేకు చాలా భాగం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అయితే ఇది మొదటి రకం మోతకే మందు. పక్కన పోయే లారీ గర్జన లోపలికి రాకుండా ఆపాలంటే బరువైన అడ్డు కావాలన్న రెండో వర్గం అభ్యంతరం సరైనదే.

నాలుగో వాదం: పుట్టిన చోటే ఆపాలి

మెకానిక్ వర్గం షీట్ల దాకా రానే రాదు. ఇంజన్ మౌంటింగ్ రబ్బరు గట్టిపడితే ఇంజన్ వణుకు నేరుగా బాడీలోకి దిగుతుంది. సైలెన్సర్ కొక్కేల రబ్బరు తెగితే నేల మోగుతుంది. వీల్ బేరింగ్ అరిగితే వేగంతో పాటు పెరిగే హోరు వస్తుంది. టైరు ఒకవైపే అరిగినా అంతే. ఇవి మార్చకుండా షీట్లు వేయడం జబ్బు దాచి దుప్పటి కప్పడం లాంటిది.

ఈ వర్గం వాదానికి శాస్త్రం నుంచి గట్టి మద్దతు ఒకటుంది. అడ్డుగోడ వైశాల్యంలో నూటికి ఒక్క వంతు తెరిచి ఉన్నా, మిగతా గోడ ఎంత మందమైనా 20 డెసిబెల్స్‌కు మించి మోత తగ్గదు. తలుపు బీడింగ్ రబ్బరు ఎండిపోయిన పాత కారులో, వైర్లు దూరే చోట రబ్బరు బిరడాలు ఊడిపోయిన ఫైర్‌వాల్‌లో అలాంటి సందులు ఎన్నో. వేల రూపాయల షీట్ల కంటే కొత్త బీడింగ్, నాలుగు బిరడాలు ఎక్కువ పని చేయవచ్చు. కానీ అన్నీ మార్చాక కూడా పల్చటి రేకు పల్చటి రేకే. ఈ వాదం మొదటి మెట్టు అవుతుంది, చివరి మెట్టు కాలేదు.

ఎండ తీర్పు: తారా, బ్యూటైలా?

షీటు వేయాలని నిర్ణయించాక వచ్చే తగాదా ఇది. తారుతో చేసిన షీట్లు చవక. ఇంటి పైకప్పు కారకుండా అంటించే తారు టేపు ఇంకా చవక, చూడటానికి అచ్చం బ్యూటైల్ షీటులాగే మెరుస్తుంది. బ్యూటైల్ ధర ఎక్కువ.

తారు పనికిరాదని కొట్టిపారేయడం తొందరపాటే. కార్ల ఫ్యాక్టరీలు దశాబ్దాలుగా నేల రేకు మీద తారు షీట్లే పరిచి, పెయింటు ఆరబెట్టే పొయ్యిలో కరిగించి అతికిస్తూ వచ్చాయి. అవి ఏళ్లకేళ్లు ఉంటాయి. తేడా అతికే పద్ధతిలో ఉంది. షాపులో చేత్తో అంటించిన తారు అలా కరిగి పట్టుకోదు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలంలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకడం అరుదు కాదు. ఆరుబయట నిలిపిన కారు పైకప్పు గాలి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు తారు మెత్తబడి, తలుపుల్లో కిందికి జారుతుంది, పైకప్పు నుంచి ఊడి లైనింగ్ మీద పడుతుంది, వాసన వేస్తుంది. అందుకే పైకప్పుకు, తలుపులకు బ్యూటైలే వాడాలన్న మాట మీద ఇప్పుడు పెద్దగా భేదాభిప్రాయం లేదు. నేల విషయంలో మాత్రం మంచి రకం తారు షీటును సమర్థించేవారు ఇంకా ఉన్నారు.

జిగురు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కుషన్ పనిలో వాడే సొల్యూషన్ ఆవిరికి తేలిగ్గా నిప్పంటుకుంటుంది. తలుపులు తెరిచి, బ్యాటరీ వైరు విప్పి మాత్రమే పని చేయించాలి. కారు లోపలి సామగ్రి నిప్పంటుకున్నా మెల్లగా మాత్రమే కాలాలని అమెరికాలో 1972 నుంచి నిబంధన ఉంది. మంట పాకే వేగం నిమిషానికి 102 మిల్లీమీటర్లు దాటకూడదు. మన దేశంలో ఇలాంటి ప్రమాణమే ఐఎస్ 15061. పరుపుల షాపులో కొన్న ఫోమ్‌కు ఈ పరీక్ష జరిగి ఉంటుందన్న భరోసా లేదు.

తడి: ఈ ప్రాంతపు అసలు ప్రశ్న

పై వాదాలన్నీ ఎక్కడైనా వినిపించేవే. గోదావరి, మున్నేరు ఒడ్డున వాటి తూకం మారుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చి ఇళ్లతో పాటు వాహనాలను ముంచింది. వరద నీటిలో ఒండ్రు ఉంటుంది. అది ఫెల్ట్‌లో చేరితే కడిగినా పూర్తిగా పోదు.

వరద రాని ఏడాది కూడా తడి వస్తూనే ఉంటుంది. అడవి చెట్ల కింద నిలిపిన కారుకు వైపర్ల కింది గాడిలో ఆకులు చేరి నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోతుంది. తలుపుల అడుగున ఉండే చిల్లులు బొగ్గు దుమ్ముతో, ఎర్రమట్టితో పూడుతాయి. ఏసీ నీళ్ల గొట్టం పూడితే నీళ్లు ముందు సీటు కాళ్ల దగ్గరికి దిగుతాయి. ముందు అద్దం బీడింగ్ పగిలితే ప్రతి వానా లోపలికే. ఇవేవీ పైకి కనిపించవు. కార్పెట్ కింద ఫెల్ట్ నెలల తరబడి తడిగా ఉండి, నేల రేకును నిశ్శబ్దంగా తినేస్తుంది.

ఏ పొర ఈ పరీక్షకు ఎలా నిలుస్తుందో చూడాలి. ఫెల్ట్, పాత గుడ్డపీచు నీళ్లు పీల్చి పట్టుకుంటాయి, ఎలుకలు గూడు కట్టుకోవడానికి కూడా అవే అనువు. మూసిన గడులున్న ఫోమ్ నీళ్లు పీల్చదు, కానీ అంటించేస్తే దానికీ రేకుకూ మధ్య చేరిన నీటిని పోనివ్వదు. బ్యూటైల్ షీటు శుభ్రమైన పెయింటు మీద అతికితే రేకుకు కాపుదలే. తుప్పు మీద అతికితే ఆ తుప్పు కింద సాగుతూనే ఉంటుంది.

అందుకే పని వరస ముఖ్యం. ముందు సీట్లు, కార్పెట్ తీసి నేల రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. పైపుతో నీళ్లు కొట్టి కారే చోటు కనిపెట్టాలి. తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, చిల్లు పడితే రేకు ముక్క వెల్డింగ్ చేయించాలి. పుట్టీతో పూడ్చకూడదు. ప్రైమర్, పెయింటు ఆరాకే షీటు. నేల అడుగున నీళ్లు పోయే రంధ్రాల రబ్బరు బిరడాలను షీటుతో కప్పకూడదు.

ఒక్క చూపులో నాలుగు వాదాలు

- కార్పెట్ చాలు: ఖర్చు తక్కువ, గరగర, వేడి తగ్గుతాయి, హోరు మిగులుతుంది, ఫెల్ట్ తడిస్తే ముప్పు.
- అంతా కప్పాలి: ఫలితం అన్నింటికంటే ఎక్కువ, ఖర్చు, బరువు కూడా అంతే, రేకు మళ్లీ కనిపించదు, చిన్న కార్లకు భారం.
- తగిన చోట ముక్కలు: వణుకు బాగా తగ్గుతుంది, బరువు స్వల్పం, బయటి మోతకు అడ్డు చాలదు, ఓపిక కావాలి.
- పుట్టిన చోటే ఆపాలి: ప్రతి పాత కారుకూ అవసరం, భద్రత కూడా పెరుగుతుంది, దీనితోనే పని పూర్తికాదు.

ఇంకా తేలనివి

మొదటిది కొలత. పని ముందు, తర్వాత ఫోన్‌లో డెసిబెల్స్ చూసి గొప్ప చెప్పుకోవడం మామూలైంది. రోడ్డు, వేగం, టైరు గాలి, అద్దాలు ఒకేలా ఉంచి కొలవకపోతే ఆ అంకెలకు విలువ లేదు. పైగా మామూలు డెసిబెల్ కొలత చెవి స్వభావాన్ని బట్టి మంద్రమైన హోరును తక్కువగా లెక్కిస్తుంది. మనిషిని అలసటపెట్టే హోరు తగ్గినా అంకె పెద్దగా మారకపోవచ్చు.

రెండోది నార వస్తువుల చోటు. జనపనార ఫెల్ట్ చవక, చప్పుడు బాగా పీల్చుకుంటుంది. తడికి ఓడిపోతుంది. కార్పెట్‌తో పాటు తీసి ఎండబెట్టే పరుపులా కుడితే ఆ లోపం దాటవచ్చని కొందరి ఆలోచన. విస్తృతంగా వాడి చూస్తేనే తేలుతుంది.

మూడోది, ఎంత నిశ్శబ్దం మంచిది? అడవి మలుపుల్లో ఎదురొచ్చే లారీ హారన్, రోడ్డు దాటే పశువుల మెడగంటలు డ్రైవరుకు వినపడాలి. అరిగిన బేరింగ్ ముందుగా తెలిసేది చప్పుడు ద్వారానే. మోత తగ్గితే అలసట తగ్గుతుందన్నదీ నిజమే. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడన్నది ఒక్కో బండికీ, ఒక్కో దారికీ మారుతుంది.

తీర్పు

ఈ వాదాలన్నీ కలిపి చూస్తే ఖమ్మం, భద్రాచలం ప్రాంతానికి ఒక వరస స్థిరంగా కనిపిస్తుంది. ముందు మెకానిక్ మాట, తర్వాత టింకరింగ్ మేస్త్రీ పని, ఆపైన తట్టి చూసి తగిన చోట బ్యూటైల్ ముక్కలు, చివరికి కుషన్ పనివారి కార్పెట్. నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిగా పిలిస్తే తగాదాకు చోటుండదు. అందరూ ఒప్పుకోవలసిన షరతు ఒకటుంది. ఫోమ్, కార్పెట్ రేకుకు అతికించకూడదు. ముక్కలుగా కుట్టి పరచాలి, సీటు బోల్టులు విప్పితే గంటలో బయటికి వచ్చేలా ఉండాలి. పాత అంబాసిడర్ కాలంలో మ్యాట్ తీసి ఎండలో వేసిన అలవాటు వెనక ఈ నేల నేర్పిన తెలివి ఉంది. కొత్త షీట్ల మోజులో దాన్ని పోగొట్టుకోవద్దు.

కారు యజమానులకు ఒక విన్నపం. కొత్త కార్పెట్ పరిచే ముందు నాలుగు బకెట్ల నీళ్లు ముందు అద్దం మీద, తలుపుల మీద పోయించండి. అరగంట ఆగి నేల రేకును అరచేత్తో తడిమి చూడండి. పొడిగా ఉంటేనే కార్పెట్ పరచనివ్వండి.